పదకొండు సున్నాలు

రాకాసిపేట, బోధన్
3 ఫిబ్రవరి 2025

బిడ్డా పుష్పలతా,

మోకాలు తప్ప మీ చిన్నబాపు మిగతా అంతా బాగున్నాడు. నువ్వూ వేణూ బాగున్నారని అనుకుంటాను.

ఉత్తరం చూడగానే నువ్వు మళ్ళీ తిడతావు. బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సులో గంట, ఉత్తరానికి మూడు రోజులు, ఎందుకీ తంటా అంటావు. ఆ లోన్ వసూలు వాళ్ళు రెండేళ్ళపాటు నా ఫోన్లో ఏమేం మాట్లాడారో నువ్వు వినలేదు. అప్పటి నుంచి ఫోన్ మోగితే నా చెయ్యి దాని మీదికి పోదు. ఇంకోటి, నేను ముప్పై ఒక్క ఏళ్ళు షుగర్ ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాను. చెరుకు బండి తూకం కాగితం మీద పడితేనే అది తూకం. ఉత్తరం మాత్రం బడి తెలుగులోనే రాయాలని మా సారు బెత్తంతో నేర్పాడు, అందుకే ఇలా రాస్తున్నాను. ఎదురుగా ఉంటే మన మాటే అనుకో.

నువ్వు కిరాయికి నడిపే పిండి గిర్నిని ఆత్మారాం అమ్ముతున్నాడని విన్నాను. ఆరేళ్ళుగా ఊరందరి జొన్నలూ పసుపూ పట్టింది నువ్వు. వేరేవాడు కొంటే నిన్ను ఒక్క రోజు కూడా ఉంచడు. బ్యాంకు లోన్‌కు వెంటనే పెట్టు, భయపడకు. మన పాత లోన్ సంగతి అడిగితే తల ఎత్తుకుని చెప్పు. దాన్ని 2019లోనే సెటిల్ చేశాం. స్కూటర్ అమ్మాను, బర్రెను అమ్మాను, అయినా సెటిల్ చేశాను. బ్యాంకు ఇచ్చిన ఆ ఉత్తరాన్ని లామినేషన్ చేయించి వేములవాడ రాజన్న పటం పక్కన మేకుకు వేశాను కదా, కావాలంటే జిరాక్స్ పంపుతాను.

నీ మేలు కోరే,
చిన్నబాపు లక్ష్మీరాజం


గాజుల్‌పేట, నిజామాబాద్
8 ఫిబ్రవరి 2025

చిన్నబాపూ,

ముందు నీ మోకాలికి దండం. దానికి రాసుకోమని పంపిన నూనె అలమారాలో పెట్టి తాళం వేశావని మీ పక్కింటి గంగుబాయి చెప్పింది. ఆ నూనె అలమారాకు కాదు, నీకు.

బ్యాంకుకు పోయి వచ్చాను. అక్కడ సుష్మ అని ఒక ఆఫీసర్, నాకంటే చిన్నది. ఆధార్, పాన్ తీసుకుని ఏదో నొక్కింది. రెండు నిమిషాల్లో మిషన్లోంచి నాలుగు పేజీలు బయటికి వచ్చాయి. అది నా క్రెడిట్ రిపోర్టట. మనం ఎక్కడ అప్పు తీసుకున్నా, ఏ నెల కట్టినా, ఎన్ని రోజులు ఆలస్యం చేసినా ముంబైలో ఒక సంస్థ అంతా రాసి పెడుతుందట. అప్పుడెప్పుడో కిస్తీల మీద ఫ్రిజ్ తెచ్చుకున్నాను, గుర్తుందా? ఒక నెల మరిచిపోయి తొమ్మిది రోజులు ఆలస్యంగా కట్టాను. ఆ తొమ్మిది అక్కడ ఉంది చిన్నబాపూ! మా పెండ్లి రోజే వేణుకు గుర్తుండదు. మన ముఖం కూడా చూడనివాళ్ళు ఇంత గుర్తు పెట్టుకున్నారు.

నీ ఇంటి స్లాబ్ లోన్ కూడా అందులో ఉంది. నేను స్కూల్లో టీచర్‌గా ఉన్నప్పుడు నా జీతం చిట్టీ పెట్టి నీ పక్కన సంతకం చేశాను కదా, అందుకే నా పేరు మీద కూడా వచ్చింది. దాని ముందు ‘సెటిల్డ్’ అని రాసి ఉంది. ఆ ముక్క గురించి ఇంకోసారి మాట్లాడాలని సుష్మ అంది. గిర్ని లోన్ కాగితాలు అప్పటిదాకా పక్కన పెట్టింది. ఆత్మారాం మే నెలాఖరు వరకు ఆగుతానన్నాడు. పెద్ద ఆలోచన పెట్టుకోకు.

పసుపు కాలం కదా, ఏర్గట్ల నుంచి కూడా మనుషులు కొమ్ములు తెచ్చి వరసలో నిలబడుతున్నారు. ఈ కాగితానికి అంటిన మరక నా వేళ్ళదే.

నీ బిడ్డ,
పుష్ప


రాకాసిపేట, బోధన్
13 ఫిబ్రవరి 2025

బిడ్డా పుష్పలతా,

నీ ఉత్తరం పసుపు మరకతో శుభలేఖలాగే వచ్చింది, లోపల కూడా శుభమే ఉంది.

‘సెటిల్డ్’ అని రాశారా! ముంబైలోనా! నేను మూడుసార్లు చదివాను. ఆ తర్వాత గంగుబాయిని పిలిచి చదివి వినిపించాను. ఆమె బీడీల చాట ఒళ్ళోంచి దించకుండానే, “సెటిల్ అయింది అంటే ఇంక ఏం కావాలె బాబా, మా పెద్దోని కోసం పదేండ్ల సంది గదే మొక్కుతున్న” అంది. పెండ్లి సంబంధం వస్తే మనం మొదట అడిగేది ఏమిటి? పిల్లగాడు సెటిల్ అయిండా అనే కదా. తల్లీతండ్రీ లేని పిల్లను తెచ్చుకున్నారు, పెంచగలరా అని ఆనాడు మా బంధువులు మూతి తిప్పారు. ఈనాడు ముంబైవాళ్ళు వాళ్ళ పుస్తకంలో రాశారు, పుష్పలత సెటిల్డ్ అని.

అర్ధకిలో పేడా తెచ్చి గల్లీ అంతా పంచాను. మీ చిన్నవ్వ శంకరమ్మ ఫోటో ముందు కూడా ఒకటి పెట్టాను. ఆ పేజీ జిరాక్స్ నాకు పంపు, లామినేషన్ చేయిస్తాను. రాజన్న పటానికి కుడివైపు మేకు ఖాళీగానే ఉంది.

ముంబైలో ఎవడో నాలాంటి గుమాస్తానే కూర్చొని ఇదంతా రాస్తున్నాడని తలుచుకుంటే నాకు భలే ఆశ్చర్యంగా ఉంది. చేతిరాత మంచిదై ఉండాలి.

ఆశీస్సులతో,
చిన్నబాపు


గాజుల్‌పేట, నిజామాబాద్
19 ఫిబ్రవరి 2025

చిన్నబాపూ,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత గిర్ని వెనక్కి పోయి ఏడ్చాను. రెండు మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. నువ్వు లామినేషన్ చేయించకముందే చెప్పడం మంచిదని ఇప్పుడు రాస్తున్నాను. పేడాలు తిన్నవాళ్ళకు ఏమీ చెప్పకు, అవి వాళ్ళకు అరిగిపోయే ఉంటాయి.

ఆ మాట మన మాట కాదు. మనం సెటిల్ అయ్యాడంటే నిలదొక్కుకున్నాడని అర్థం. వాళ్ళ పుస్తకంలో అర్థం వేరే. ‘రావలసింది మొత్తం రాలేదు, వచ్చినకాడికి తీసుకుని మిగతాది వదిలేశాం’ అని. ఆనాడు వడ్డీ, జరిమానా కలిసి తొంభై ఏడు వేలు తేలింది. నువ్వు యాభై అయిదు కట్టావు, వాళ్ళు నలభై రెండు వదిలేశారు. వదిలేసిన సంగతిని వాళ్ళు మాత్రం వదిలిపెట్టలేదు, రాసి పెట్టారు. అప్పిచ్చే ప్రతివాడికీ అది హెచ్చరికట. దానివల్ల నా క్రెడిట్ స్కోరు కూడా పడిపోయింది. సుష్మ నా మొహం చూడలేక కంప్యూటర్‌నే చూస్తూ, “అక్కా, ఈ ముక్క ఉంటే మా పైవాళ్ళు ఒప్పుకోరు” అంది.

ఏడేళ్ళకు దానంతట అదే పోతుందట. అంటే ఇంకో ఏడాది. గిర్ని అన్ని రోజులు ఆగదు, నవీపేట్ వ్యాపారి ఒకడు అడ్వాన్సు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇంకో దారి ఉంది. వదిలేసిన నలభై రెండు వేలు ఇప్పుడు కడితే బాకీ లేదని కాగితం ఇస్తారు, నెల నెలన్నరలో ‘సెటిల్డ్’ తీసేసి ‘క్లోజ్డ్’ అని రాస్తారు. గిర్ని కోసం దాచిన దాంట్లోంచి నేనే కట్టేస్తాను. నీ సంతకం ఒక్కటి చాలు, మొదటి పేరు నీదే కాబట్టి.

నువ్వు అడిగావని ఆ పేజీ పంపుతున్నాను. నువ్వు ఏ తప్పూ చేయలేదు. గోడ మీది ఉత్తరం అలాగే ఉండనీ.

పుష్ప


రాకాసిపేట, బోధన్
25 ఫిబ్రవరి 2025

పుష్పలతకు,

ఉత్తరం అందింది. పేజీ కూడా అందింది. గోడ మీది లామినేషన్‌ను దించి బీరువా వెనక పెట్టాను. మేకు మాత్రం రాలేదు.

సంతకం పెట్టను. కోపం తెచ్చుకోకు, విను. 2015 చలికాలంలో ఒకరోజు పొద్దున డ్యూటీకి పోతే ఫ్యాక్టరీ గేటుకు తాళం ఉంది, దాని మీద అట్టముక్క కట్టి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఒకే మాట, క్లోజ్డ్. నీకు ఇదంతా పేపర్లో వచ్చిన వార్త. నాకు అలా కాదు. కాటా రూములో నా రిజిస్టర్ తెరిచి ఉంది, కలం పక్కన నా కళ్ళజోడు ఉంది. లోపలికి పోయి తెచ్చుకోనివ్వలేదు. ఆ ఒక్క మాటతో నాలాంటివాళ్ళు కొన్ని వందల మంది గేటు ముందర ధర్నా టెంటు కింద కూర్చున్నారు. నేనూ పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. ఆ మాటను డబ్బు కట్టి మరీ నీ పేరు ముందు రాయించాలా? నీ గిర్ని తెరవకముందే నీ పేరు మీద క్లోజ్డ్ అనా? నేను బతికుండగా కాదు.

ఇంకో సంగతి. నువ్వు పంపిన పేజీలో స్లాబ్ లోన్ కింద చిన్న చిన్న గళ్ళు ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. అవి 2016 ఏప్రిల్ నుంచే ఉన్నాయి, మొదటి పదకొండు గళ్ళలో మూడేసి సున్నాలు పెట్టారు. అంటే మనం గుండు సున్నా కట్టామని ముంబైదాకా చాటించారన్నమాట. నిజమే, ఆ నెలల్లో నేను కట్టలేదు. కానీ మూడేసి సున్నాలెందుకు? ఒకటి చాలదా?

రేపు శివరాత్రి. మీ చిన్నవ్వ మంచాన పడ్డది ఆ పండుగ నాడే. ఎనిమిదేళ్ళయింది. రేపు ఎవరితోనూ మాట్లాడాలని లేదు, ఉత్తరం కూడా రాయను.

లక్ష్మీరాజం


గాజుల్‌పేట, నిజామాబాద్
3 మార్చి 2025

చిన్నబాపూ,

నువ్వు ఉత్తరం కింద ‘చిన్నబాపు’ అని రాయకపోవడం ఇదే మొదటిసారి. నేను సంతకం గురించి ఈ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా అడగను. వేరే సంగతి చెప్పాలి, కూర్చొని చదువు.

నువ్వు సున్నాలను తప్పుగా చదివావు. నేనూ తప్పుగానే చదివేదాన్ని, నీ ఉత్తరం పట్టుకుని సుష్మ దగ్గరికి మళ్ళీ పోయాను కాబట్టి తెలిసింది. ఆ గళ్ళలో రాసేది ఎంత కట్టామన్నది కాదు, ఎన్ని రోజులు ఆలస్యం చేశామన్నది. మూడు సున్నాలంటే ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదని. ఆ పుస్తకంలో అంతకంటే మంచి మాట లేదట. నేను ఫ్రిజ్‌కు తొమ్మిది తెచ్చుకున్నాను చూడు, నీకు ఆ తొమ్మిది కూడా లేదు.

2016 ఏప్రిల్ నుంచి 2017 ఫిబ్రవరి దాకా పదకొండు నెలలు. జీతం లేదు, టెంటు కింద కూర్చున్నావు, అయినా ప్రతి నెలా మూడు వేల రెండు వందలు అయిదో తారీకు దాటకుండా కట్టావు. సుష్మ రోజూ వందలమంది రిపోర్టులు చూస్తుంది. ఆమె కూడా ఆ వరస మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్క పెట్టింది. “జీతం ఆగినంక ఇట్ల కట్టినోళ్ళను నేను చూడలేదక్కా” అంది. కట్టలేదని నాతో ఎందుకు అబద్ధం చెప్పావు? ఎక్కడినుంచి తెచ్చావు? నువ్వు మా చిన్నబాపువని నాకు తెలుసు, ఇంత మనిషివని మాత్రం నిన్ననే తెలిసింది.

నీ బిడ్డ,
పుష్ప


రాకాసిపేట
9 మార్చి

పుష్పా,

నేను కట్టలే బిడ్డా.

మార్చి దాక కట్టిన, ఒప్పుకుంట. చేతిల ఉన్నయి గంతవరకే ఎల్లినయ్. ఏప్రిల్‌ల మీ చిన్నవ్వతోని చెప్పిన, నాతోని కాదు, బ్యాంకుకు పోయి జర ఆగుమని బతిమాలి రా అని. నేను పోతే సిగ్గు. ఆమె పోయొచ్చింది. “ఆగుతమన్నరు, నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నది. ప్రతి నెల గట్లనే పోయేది, గట్లనే వచ్చి చెప్పేది. ఎంత మంచోళ్ళు బ్యాంకోళ్ళు అని టెంటు కింద అందరితోని చెప్పుకున్న నేను. శంకరమ్మ మాటకు విలువున్నది అని చెప్పుకున్న.

నీ ఉత్తరం సదివినంక గంగుబాయి దగ్గరికి పోయిన. సున్నాల సంగతి చెప్పి, ఎవరు కట్టిండ్రు అని అడిగిన. ఆమె కత్తెర కింద పెట్టింది. “ఇంక ఒట్టు ఎన్ని దినాలు మొయ్యాలె బాబా. నీకు చెప్పొద్దని నా చెయ్యి మీద చెయ్యేసి ఒట్టు పెట్టిచ్చుకున్నది” అన్నది. మీ చిన్నవ్వ కంపెనీ కార్డు మీద దినాం వెయ్యి బీడీలు, గది నాకు ఎర్కే. ఇంట్ల తిండి దాంతోనే ఎల్లింది. నేను టెంటుకు పోంగనే శంకరమ్మ గంగుబాయి ఇంటికి పోయి ఆమె కార్డు మీద ఇంకో ఏడెనిమిది వందల బీడీలు చుట్టేదట. నేను వచ్చేసరికి ఇంట్ల ఉండేది. ఆ పైసలే నెలనెల బ్యాంకుల కట్టింది. బతిమాలొచ్చిన అని నాకు చెప్పింది.

నేను ఇంటికొస్తే ఆమె వేళ్ళు వంగకపోయేటియి. బుక్క ఎత్తుతాంటే జారేది. వయసు అనుకున్న బిడ్డా. వయసు అనుకొని ఊకున్న.

ఫిబ్రవరి అయిదున కడాఖరి సున్న. శివరాత్రికి మంచాన పడ్డది. మార్చి గడిల ముప్పై ఉన్నది, దాని పక్కన అరువై, దాని పక్కన తొంబై. నేను ఎవ్వలకు చెప్పుకోలే, ఆమె ఎవ్వలకు చెప్పలే. ముంబై పుస్తకంల మాత్రం ఆమె చెయ్యి ఏ నెల ఆగిందో రాసి ఉన్నది. వసూలుకు వచ్చినోళ్ళు మొత్తం బాకీ ఒక్కటే చెప్పిండ్రు, నెలలు ఎవడు చూసిండు. నేను లెక్కలోన్ని, నేనన్న చూడాలె. చూడలే.

ఆ పేజీ ఎదురుంగ పెట్టుకొని కూసున్న. చెయ్యెత్తి మొక్కుదామంటే ఏ ముఖం పెట్టుకొని మొక్కాలె.

మీ చిన్నబాపు


గాజుల్‌పేట, నిజామాబాద్
15 మార్చి 2025

చిన్నబాపూ,

పోయిన ఉత్తరంలో నువ్వు బడి తెలుగు మరిచిపోయావు. మీ సారు బెత్తం తీసుకుని వస్తే నేను అడ్డం నిలబడతాను.

నీ ఉత్తరం వేణుకు చదివి వినిపిస్తూ సగంలో ఆగిపోయాను. మిగతాది అతనే చదివాడు. చదివి లేచి పోయి గిర్ని ఆపేశాడు. పసుపు వరసలో పదిమంది ఉన్నారు, రేపు రమ్మని పంపేశాడు. మర ఆగితే ఎంత నిశ్శబ్దమో నాకు అప్పుడే తెలిసింది.

నాకు ఆమె బొటనవేలి గోరు గుర్తుకొచ్చింది. బీడీ మూతి మడవడానికి పొడుగ్గా పెంచుకునేది. నాకు జ్వరం వస్తే ఆ గోరు తగలకుండా మడిచిన వేళ్ళ వెనకవైపుతో నుదురు ముట్టి చూసేది. బ్యాంకు మేనేజర్‌నే కాదు, అంగడిలో కూరగాయలామెను కూడా బతిమాలని మనిషి ఆమె. నెలనెలా బతిమాలుతోందని మనం ఎట్లా నమ్మాం చిన్నబాపూ? నన్ను రూపాయి అడిగితే ఇచ్చేదాన్ని. అడగలేదు. ఆ సంవత్సరమే నాకు స్కూల్ ఉద్యోగం పోయింది, ఆ సంగతి ఆమెకు తెలుసు.

సంతకం సంగతి. నేను ఆలోచించాను. ఆ మాట నిన్ను అంత బాధ పెడితే వద్దు. మే దాటితే గిర్ని లేనట్టే, పోనీ. కిరాయికి ఇంకెక్కడైనా మర దొరుకుతుంది. లేకపోతే బీడీల చాట పట్టుకుంటాను, మన ఇంటి ఆడవాళ్ళకు కొత్తదేమీ కాదు. నీ మనసు కంటే నాకు గిర్ని ఎక్కువ కాదు. ఇది అలిగి రాస్తున్న మాట కాదు.

పుష్ప


రాకాసిపేట, బోధన్
28 మార్చి 2025

బిడ్డా పుష్పలతా,

మళ్ళీ బడి తెలుగులోకి వచ్చాను. అంటే కుదుటపడ్డానని అర్థం.

నీ ఉత్తరంలో బీడీల చాట అని రాసిన చోట నా కళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ ఆ చాటా? ఆమె అన్ని చుట్టింది నువ్వు దాన్ని పట్టుకోవడానికా? రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు బస్సెక్కి నిజామాబాద్ వచ్చాను. నీ దగ్గరికి రాలేదు, తిట్టుకో. నేరుగా లోన్ ఇచ్చిన బ్యాంకుకే పోయాను.

మీ చిన్నవ్వ పోయాక బీడీ కంపెనీ నుంచి ఆమె పీఎఫ్ వచ్చింది, నీకు చెప్పలేదు. పోస్టాఫీసులో వేశాను, ముట్టలేదు. వడ్డీతో నలభై ఏడు వేలయింది. ఎందుకు దాచావంటే చెప్పలేను, అది ఖర్చయితే ఆమె నిజంగా పోయినట్టు అనిపించేది. దాంట్లోంచి నలభై రెండు వేలు తీసుకుని పోయాను.

కౌంటర్ దగ్గరి అబ్బాయికి నా మాట అర్థం కాలేదు. “పెద్దాయనా, నీ లోన్ ఆరేండ్ల కిందనే సెటిల్ అయింది. ఎవ్వరు అడుగుతలేరు గదా” అన్నాడు. “మీరు అడగరు నాయనా, మీ పుస్తకం అడుగుతున్నది” అన్నాను. లోపలికి పంపారు, అక్కడినుంచి ఇంకో లోపలికి పంపారు. మాఫీ చేసిన డబ్బు తిరిగి కట్టించుకునే ఫారం వాళ్ళ దగ్గర లేదట. హైదరాబాద్‌కు ఫోన్లు చేశారు. నాలుగు గంటలు కూర్చున్నాను. చివరికి మేనేజర్ బయటికి వచ్చి, ఇవి ఏం పైసలని అడిగాడు. నేను ఆ పేజీ తీసి పదకొండు గళ్ళు చూపించాను. “ఇవి కట్టిన మనిషే ఇవి కూడ కడుతున్నది సార్” అన్నాను. ఆయన నిలబడే రసీదు రాయించాడు. బాకీ లేదన్న కాగితం కూడా ఇచ్చారు. ముంబై పుస్తకంలో మారడానికి నలభై రోజులు పడుతుందట.

ఆ మాట వద్దన్నావు కదా అంటావు. నిజమే. బస్సులో కూర్చొని దాని గురించే ఆలోచించాను. గేటుకు తాళం వేసినవాడు రాసినందువల్ల ఆ మాట పాడయింది గానీ, అంతకు ముందు అది నా మాటే. కాటాలో నిండు బండిని తూచి ఊరుకోరు, చెరుకు దించాక ఖాళీ బండిని కూడా తూచాలి, అప్పుడే చిట్టీ పూర్తవుతుంది. ప్రతి రోజూ చివరి ఖాళీ బండి దిగాక రిజిస్టర్ కింద గీత కొట్టి, ‘క్లోజ్డ్’ అని నేనే రాసి సంతకం పెట్టేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్ళు అది రాయకుండా నేను ఇంటికి పోలేదు. ఇంటికి పోయి గడపలో నిలబడి “వచ్చిన” అంటే మీ చిన్నవ్వ చాట మీదినుంచి తల ఎత్తకుండానే “చాయ్ పొయ్యి మీదున్నది” అనేది. చివరి రోజు రిజిస్టర్ ఒక్కటే తెరిచి ఉండిపోయింది. నాకు కోపం వాళ్ళు క్లోజ్డ్ అని రాసినందుకు కాదు బిడ్డా, నన్ను రాయనివ్వనందుకు.

కాబట్టి రాయనీ. ఈసారి డబ్బు మనది, మాట కూడా మనదే.

ఆశీస్సులతో,
చిన్నబాపు


గాజుల్‌పేట, నిజామాబాద్
9 మే 2025

చిన్నబాపూ,

నిజామాబాద్ వచ్చి మా ఇంటి గడప తొక్కకుండా పోయినందుకు నీతో నలభై రోజులు మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ముంబైవాళ్ళు నలభై ఒక్క రోజులకు పని చేశారు, ఒట్టు తీరింది.

నిన్న సుష్మ ఫోన్ చేసి రమ్మంది. కొత్త రిపోర్టు తీసింది. స్లాబ్ లోన్ ముందు ఇప్పుడు ‘క్లోజ్డ్’ అని ఉంది. బాకీ దగ్గర సున్నా. 2017 మార్చి నుంచి పడిన ముప్పైలూ అరవైలూ అలాగే ఉన్నాయి, జరిగింది జరగలేదని వాళ్ళు రాయరట. పదకొండు గళ్ళు కూడా అలాగే ఉన్నాయి. స్కోరు ఒక్కసారే ఆకాశానికి ఎక్కదట, కానీ ఆ ముక్క పోయింది కాబట్టి సుష్మ కాగితాలు పైకి పంపింది. ఈ పొద్దున మంజూరైంది. ఆత్మారాం నవీపేట్ వ్యాపారికి ఇవ్వనని చెప్పేసి, గిర్ని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆరేళ్ళుగా నేనే తీసే తాళం, చేతిలో ఇంత బరువుగా ఎప్పుడూ లేదు.

సుష్మ చివర్లో ఒక మాట అడిగింది. “అక్కా, ఆమె పేరేంది?” అని. ఆ నాలుగు పేజీల్లో నీ పేరు ఉంది, నా పేరు ఉంది, ఆమె పేరు ఎక్కడా లేదు చిన్నబాపూ. శంకరమ్మ అని చెప్పాను. సుష్మ లేచి నిలబడి ఇంకోసారి ఆ వరస చూసింది.

కొత్త పేజీ పంపుతున్నాను. మొదటి పిండి మూట కూడా పంపుతున్నాను, జొన్నలే, పసుపు వాసన వస్తే ఏమనకు.

నీ బిడ్డ,
పుష్ప


రాకాసిపేట, బోధన్
14 మే 2025

బిడ్డా పుష్పలతా,

పేజీ అందింది. పిండి కూడా అందింది. రొట్టెలు గంగుబాయి చేసింది, పసుపు వాసన వచ్చింది, ఏమీ అనలేదు.

పాత లామినేషన్ ఉత్తరాన్ని మళ్ళీ గోడకు వేయలేదు. ఆ మేకుకు ఈ పేజీ వేశాను. లామినేషన్ చేయించేముందు రెండు పనులు చేశాను. పదకొండు గళ్ళ పక్కన ఖాళీ ఉంది కదా, అక్కడ నా మంచి చేతిరాతతో ‘శంకరమ్మ’ అని రాశాను. ముంబైవాళ్ళకు కోపం వస్తే రానీ, లెక్కలో పేరు విడిచిపెట్టడం గుమాస్తా పని కాదు.

తర్వాత పేజీ కింద స్కేలు పెట్టి గీత కొట్టాను. ‘క్లోజ్డ్’ అన్న మాట కింద తేదీ వేసి, లక్ష్మీరాజం, కాటా గుమాస్తా అని సంతకం పెట్టాను. కలం మూత పెట్టి లేచాను, ఎందుకో తెలియదు, గడప దాకా పోయి వెనక్కి తిరిగాను. ఇంట్లోనే ఉన్నాను కదా. అయినా అలవాటున నోట్లోంచి మాట వచ్చేసింది.

“శంకరమ్మా, వచ్చిన.”

చిన్నబాపు